తన సిగరెట్ మీద తానే సాక్ష్యం చెప్పిన డాక్టర్: ఎవార్ట్స్ గ్రాహమ్ కథ

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న మార్పులు చేశాం.)

ఈసారి కథ అమెరికాలో జరుగుతుంది. కానీ మొదలుపెట్టే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా ఈ కథ చెప్తే నేను నిజాయితీగా ఉన్నట్టు కాదు.

మాది ప్రకాశం జిల్లా. మా పెదనాన్న వర్జీనియా పొగాకు రైతు. చిన్నప్పుడు సెలవులకి ఊరెళ్తే బ్యారన్ దగ్గరే ఆడుకునేవాళ్లం. ఆకు కోసుకొచ్చి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకి అల్లడం, వాటిని బ్యారన్‌లో వేలాడదీయడం, రాత్రంతా మంట ఎక్కువ తక్కువ కాకుండా ఎవరో ఒకళ్లు కాపలా ఉండటం, ఇవన్నీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. వేలంలో బేళ్లు మంచి రేటుకి పోతే ఆ ఏడాది ఇంట్లో పండగ. నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది ఆ డబ్బే. అంటే ఈ రోజు నేను మీ ముందు మైకు పట్టుకుని మాట్లాడుతున్నానంటే అందులో పొగాకు వాటా ఉంది.

ఆ పెదనాన్నకే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఆయన రోజుకి రెండు పెట్టెలు తాగే మనిషి. చూడ్డానికి వచ్చిన చుట్టాలు గదిలో ఉన్నంతసేపు బాగానే మాట్లాడి, వరండాలోకి రాగానే ఒకటే మాట: "చేసుకున్నవాడికి చేసుకున్నంత." ఆ మాట లోపలికి వినపడుతుందని వాళ్లకి తెలుసు. పెదనాన్నకి వినపడింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆయన పోయి ఏళ్లయినా ఆ దృశ్యం నన్ను వదల్లేదు.

ఆ తర్వాత నేను సిగరెట్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుంటే ఎవార్ట్స్ గ్రాహమ్ అనే పేరు తగిలింది. ఈ రోజు ఆయన కథ.

ఆ రోజుల్లో ఇది అరుదైన జబ్బు

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇవాళ ప్రపంచంలో అన్ని క్యాన్సర్లలోకీ ఎక్కువ ప్రాణాలు తీసేది ఊపిరితిత్తుల క్యాన్సరే. కానీ వందేళ్ల కిందట ఇది డాక్టర్లు జీవితంలో ఒకసారి చూస్తే గొప్ప అనుకునే జబ్బు. 1912లో ఐజాక్ ఆడ్లర్ అనే న్యూయార్క్ డాక్టర్ ప్రపంచం మొత్తం మీద రికార్డయిన కేసులన్నీ ఏరితే 374 దొరికాయి. ఇంత అరుదైన దాని మీద పుస్తకం రాస్తున్నందుకు ఆయనే మొహమాటపడ్డాడు.

1919లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ తన స్టూడెంట్స్‌ని పోస్ట్‌మార్టం గదికి పిలిచాడు. రండి, ఈ కేసు చూడండి, మళ్లీ మీ జీవితంలో ఇలాంటిది కనపడకపోవచ్చు అన్నాడు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడ నిలబడి చూసిన కుర్రాళ్లలో ఒకడి పేరు ఆల్టన్ ఆక్స్‌నర్. ఆ మాట నిజమే అన్నట్టు పదిహేడేళ్ల పాటు అతనికి ఇంకో కేసు కనపడలేదు. 1936లో మాత్రం న్యూ ఆర్లీన్స్‌లో ఆరు నెలల్లో తొమ్మిది మంది వచ్చారు. అందరూ మగవాళ్లు. అందరూ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నప్పుడు సిగరెట్ అలవాటు చేసుకున్నవాళ్లు. ఆక్స్‌నర్‌కి అనుమానం మొదలైంది. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

యుద్ధానికి ముందు సిగరెట్ ఇంత లేదు. 1880ల్లో సిగరెట్లు చుట్టే మెషీన్ వచ్చింది, ధర పడిపోయింది. యుద్ధంలో సైనికులకి తిండితో పాటు సిగరెట్లూ ఇచ్చారు. ఇంటికి తిరిగొచ్చిన మగవాళ్లు ఆ అలవాటుతోనే వచ్చారు. క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది కాబట్టి లెక్క వెంటనే కనపడలేదు. అప్పు తీసుకున్న రోజు హాయిగానే ఉంటుంది కదా, వడ్డీ తర్వాత మొదలవుతుంది.

ఎవరీ గ్రాహమ్?

ఎవార్ట్స్ ఆంబ్రోస్ గ్రాహమ్ 1883లో షికాగోలో పుట్టాడు. తండ్రి కూడా సర్జనే. ప్రిన్స్‌టన్‌లో చదివి, షికాగోలోని రష్ మెడికల్ కాలేజీలో 1907లో డాక్టర్ పట్టా తీసుకున్నాడు. ఆయన భార్య హెలెన్ ట్రెడ్‌వే గ్రాహమ్ కూడా సైంటిస్టే, ఫార్మకాలజీలో పరిశోధన చేసేవారు.

ఆయనకి పేరు తెచ్చిన మొదటి పని 1918లో జరిగింది. అమెరికా సైనిక శిబిరాల్లో ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా వచ్చి, కుర్రాళ్లకి ఛాతీలో చీము పట్టేది. సర్జన్లు వెంటనే ఛాతీ కోసి చీము బయటికి తీసేవారు. పుస్తకాల్లో అలాగే ఉంది మరి. కానీ ఆపరేషన్ అయిన వాళ్లలో సగటున వందకి ముప్పై మంది చనిపోతున్నారు, కొన్ని శిబిరాల్లో ఇంకా ఎక్కువ. సైన్యం ఒక కమిషన్ వేసింది. అందులో గ్రాహమ్ ఉన్నాడు.

ఆయన ల్యాబ్‌లో జంతువుల మీద, శవాల మీద కొలతలు తీసి కనుక్కున్నది ఇది. రెండు ఊపిరితిత్తుల మధ్య ఉండే గోడ గట్టి గోడ కాదు, కదిలే తెర లాంటిది. జబ్బు ముదురుగా ఉన్నప్పుడు ఒక పక్క ఛాతీ తెరిస్తే బయటి గాలి లోపలికి పోయి, ఆ పక్కదే కాదు, రెండో ఊపిరితిత్తి కూడా నలిగిపోతుంది. పేషెంట్ చీము వల్ల చనిపోవడం లేదు, మనం తొందరపడి కోయడం వల్ల చనిపోతున్నాడు. కాబట్టి ఆగండి, ముందు సూదితో చీము లాగండి, గాలి లోపలికి పోకుండా చూడండి, చీము గట్టిపడ్డాకే తెరవండి. ఇది పాటించాక చావులు ఒక్కంకె శాతానికి దిగాయి.

ఇక్కడ ఆయన తీరు గమనించండి. అందరూ నమ్మిన దాన్ని, పెద్ద పెద్ద సర్జన్లు చేస్తున్న దాన్ని, కొలిచి చూసి తప్పు అన్నాడు. 1919లో వాషింగ్టన్ యూనివర్సిటీలో సర్జరీ విభాగానికి అధిపతి అయ్యాడు. 1924లో వారెన్ కోల్‌తో కలిసి పిత్తాశయాన్ని ఎక్స్‌రేలో చూసే పద్ధతి కనిపెట్టాడు. ఎవరు పడితే వాళ్లు కత్తి పట్టకుండా, సర్జన్‌కి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలని పోరాడి, 1937లో అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ ఏర్పడటంలో ముందు నిలిచాడు. ఇది పేషెంట్ కోసం చేసిన పని. ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నవాడు సర్జన్ అర్హత గురించి అడగలేడు కదా. వాడి తరఫున ఎవరో ఒకరు ముందే అడగాలి.

1933 ఏప్రిల్ 5

ఇక అసలు ఆపరేషన్‌కి వద్దాం.

పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ గిల్మోర్ అనే డాక్టర్ ఉండేవాడు. వయసు 48. కాన్పులు చేసే డాక్టర్. కొన్ని నెలలుగా దగ్గు, జ్వరం తగ్గుతూ వస్తూ ఉన్నాయి. గొట్టం వేసి ముక్క తీసి పరీక్ష చేస్తే ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్. అప్పట్లో దానికి మందు లేదు, రేడియేషన్ పెద్దగా పని చేయదు, ఆపరేషన్ చేయించుకుని బతికిన వాళ్లు చాలా అరుదు. తనే డాక్టర్ కాబట్టి దాని అర్థం ఏంటో గిల్మోర్‌కి బాగా తెలుసు. ఆపరేషన్‌కి ముందు ఇంటికెళ్లి వ్యవహారాలు చక్కబెట్టుకుని, శ్మశానంలో తనకి స్థలం కూడా కొనుక్కుని వచ్చాడంటారు.

గ్రాహమ్ ప్లాన్ ఏంటంటే, క్యాన్సర్ ఉన్న పై భాగం మాత్రం తీసేద్దాం. కానీ ఛాతీ తెరిచాక చూస్తే కణితి ప్రధాన గాలిగొట్టానికి బాగా దగ్గరగా ఉంది. ఒక భాగం తీస్తే జబ్బు మిగిలిపోతుంది. తీస్తే మొత్తం ఊపిరితిత్తి తీయాలి. ఒకేసారి మొత్తం తీసిన మనిషి అప్పటిదాకా బతకలేదు. జంతువుల్లో అయితే ఆయన చేశాడు. ఆపరేషన్ గదిలో గిల్మోర్ స్నేహితుడైన ఇంకో డాక్టర్ నిలబడి చూస్తున్నాడు. గ్రాహమ్ అతనితో పరిస్థితి మాట్లాడి, ఊపిరితిత్తికి వెళ్లే పెద్ద రక్తనాళాన్ని కాసేపు క్లాంప్‌తో నొక్కి చూశాడు. గుండె తట్టుకుంటుందా, లేదా? తట్టుకుంది. అప్పుడు ముందుకెళ్లాడు. మొత్తం ఎడమ ఊపిరితిత్తి తీసేశాడు. ఖాళీ అయిన చోట ఛాతీ గోడ లోపలికి కూర్చునేలా పక్కటెముకలు కూడా కొన్ని తీశాడు.

గిల్మోర్ రెండు నెలలు దాటి హాస్పిటల్లోనే ఉన్నాడు. మధ్యలో చీము పట్టింది, మళ్లీ ఆపరేషన్ అయింది. కానీ బతికాడు. ఇంటికి వెళ్లాడు. మళ్లీ కాన్పులు చేశాడు. ఒక్క ఊపిరితిత్తితో ఇంకో ముప్పై ఏళ్లు, 1963 దాకా బతికాడు. శ్మశానంలో కొనుక్కున్న స్థలం అన్నాళ్లూ ఖాళీగా ఎదురుచూసింది.

దీంతో గ్రాహమ్ పేరు ప్రపంచమంతా తెలిసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే చావే అన్న మాట మొదటిసారి బద్దలైంది.

ఇప్పుడు ఇంకో నిజం. ఈ గ్రాహమ్ కూడా సిగరెట్లు బాగా కాల్చేవాడు.

మేజోళ్ల జోకు

ఆక్స్‌నర్ అప్పటికే బహిరంగంగా అంటున్నాడు: సిగరెట్ అమ్మకాలు ఎలా పెరుగుతున్నాయో ఈ క్యాన్సర్ అలాగే పెరుగుతోంది, కారణం పొగే అని. గ్రాహమ్ నవ్వేశాడు. నైలాన్ మేజోళ్ల అమ్మకాలు కూడా అలాగే పెరిగాయి కదా, మరి వాటి వల్ల వచ్చిందా అన్నాడు.

ఇది పొగతాగేవాడి సాకు అని మనం తేలిగ్గా కొట్టిపారేయొచ్చు. కానీ లాజిక్‌గా చూస్తే ఆయన మాటలో న్యాయం ఉంది. ఎండాకాలంలో మన దగ్గర మామిడిపళ్ల అమ్మకాలు పెరుగుతాయి, వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. అంతమాత్రాన మామిడిపండు తింటే వడదెబ్బ తగులుతుందా? రెండు గీతలు కలిసి పైకి పోయినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదు. వాట్సాప్‌లో వచ్చే సగం ఆరోగ్య మెసేజ్‌లు ఈ తప్పే చేస్తాయి. కాబట్టి గ్రాహమ్ అడిగింది సరైన ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతామని ఒకరు వచ్చినప్పుడు ఏం చేశాడన్నదే అసలు పరీక్ష.

వచ్చినవాడు ఒక మెడికల్ స్టూడెంట్. పేరు ఎర్నెస్ట్ వైండర్. జర్మనీలో పుట్టాడు, నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో అమెరికా వచ్చాడు. 1947 వేసవిలో న్యూయార్క్‌లో ఒక పోస్ట్‌మార్టం చూశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన మనిషి. కేసు షీట్‌లో సిగరెట్ ఊసే లేదు. వైండర్ వెళ్లి ఆయన భార్యని అడిగితే, రోజుకి రెండు పెట్టెలు తాగేవాడని చెప్పింది. చూడండి, అడిగితే ఒక్క నిమిషంలో తెలిసే సంగతి. ఎవరూ అడగలేదు, అంతే.

వైండర్ సెయింట్ లూయిస్ తిరిగొచ్చి గ్రాహమ్‌ని కలిశాడు. పేషెంట్లందరినీ పద్ధతిగా ప్రశ్నలు అడుగుతాను, అనుమతి ఇవ్వండి అన్నాడు. అవతల సర్జరీలో దేశంలోనే పెద్ద పేరు. ఇవతల ఇంకా పట్టా కూడా రాని కుర్రాడు. పైగా ఆ పెద్దాయనకి ఈ ఆలోచన మీద నమ్మకం లేదు, చేతిలో సిగరెట్ ఉంది. వద్దు పో అంటే కథ అక్కడే అయిపోయేది. కానీ గ్రాహమ్ సరే అన్నాడు. తన వార్డు తెరిచాడు, తన పేరు ఇచ్చాడు, డబ్బు వచ్చేలా చూశాడు.

684 మంది

వాళ్లు చేసింది వినడానికి చాలా సింపుల్. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ల్యాబ్‌లో తేలిన పేషెంట్లని తీసుకోవాలి. అదే హాస్పిటళ్లలో వేరే జబ్బులతో ఉన్నవాళ్లని కూడా తీసుకోవాలి. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగాలి. ఎప్పుడు మొదలుపెట్టావు, రోజుకి ఎన్ని, ఎన్నేళ్లు, ఏం పని చేస్తావు. మేజోళ్ల జోకుకి జవాబు ఇక్కడే ఉంది. దేశం మొత్తం అమ్మకాలు కాదు, ఒక్కొక్క మనిషిని విడిగా అడుగుతున్నారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. అడిగేవాడికి పేషెంట్ జబ్బేంటో ముందే తెలిస్తే, తెలియకుండానే జవాబుని అటు తోస్తాడు. అందుకని కొంతమందిని జబ్బు ఏంటో తేలకముందే అడిగించి చూశారు. ఫలితం మారలేదు.

1950 మే 27న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. 684 కేసులు. అందులో పొగకి సంబంధించిన రకం క్యాన్సర్ ఉన్న మగవాళ్లు 605 మంది. వాళ్లలో ఒక మోస్తరు నుంచి విపరీతంగా తాగే వాళ్లు 96.5 శాతం. ఈ క్యాన్సర్ లేని మగ పేషెంట్లలో అలాంటి వాళ్లు 73.7 శాతం. అసలు తాగనివాళ్లు చూస్తే, క్యాన్సర్ వాళ్లలో 1.3 శాతం, మిగతావాళ్లలో 14.6 శాతం. తేడా కనపడుతోంది కదా.

ఆ వ్యాసంలో ఇంకో పరిశీలన ఉంది. సిగరెట్ మానేశాక పదేళ్లు, అంతకంటే ఎక్కువ గడిచాక కూడా ఈ క్యాన్సర్ బయటపడవచ్చు అని రాశారు. ఈ వాక్యం మీద గ్రాహమ్ సంతకం ఉంది. దీన్ని పక్కన పెట్టుకోండి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ విడిగా 709 మంది పేషెంట్లని, 709 మంది ఇతరులని పోల్చి ఇదే మాట చెప్పారు. న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. 1939లోనే, 1943లోనే జర్మనీలో ఇలాంటి అధ్యయనాలు వచ్చాయి. కానీ యుద్ధం గొడవలో అవి మరుగున పడిపోయాయి.

పాపం, ఆ రోజుల పరిస్థితి చూడండి. ఈ వ్యాసం వేసిన అదే జర్నల్‌లో సిగరెట్ ప్రకటనలు కూడా వచ్చేవి. 1953 దాకా వేశారు.

ఎలుకల వీపు మీద

విమర్శ ఏం వచ్చిందంటే, ఇవన్నీ మనుషుల జ్ఞాపకాలు, ఇది లెక్కల సంబంధమే తప్ప కారణం కాదు, ల్యాబ్‌లో చూపించండి అని. గ్రాహమ్, వైండర్, అడెల్ క్రోనింగర్ అనే పరిశోధకురాలు కలిసి అదీ చేశారు. సిగరెట్లు కాల్చే మెషీన్ కట్టారు. ఆ పొగలోంచి తారు పట్టారు. ఎలుకల వీపు మీద వెంట్రుకలు తీసేసి, నెలల తరబడి ఆ తారు పూశారు. తారు పూసిన ఎలుకల్లో 44 శాతానికి చర్మ క్యాన్సర్ వచ్చింది. తారు లేకుండా ఉత్త ద్రావకం పూసిన వాటికి రాలేదు. 1953 డిసెంబర్‌లో ఇది అచ్చయింది.

సిగరెట్ కంపెనీల షేర్లు పడ్డాయి. అదే నెలలో కంపెనీల పెద్దలు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో సమావేశమయ్యారు. 1954 జనవరి 4న అమెరికా అంతటా నాలుగు వందలకు పైగా పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటన. సారాంశం ఏంటంటే: రుజువు లేదు, మాకు మీ ఆరోగ్యమే ముఖ్యం, మేమే డబ్బు పెట్టి పరిశోధన చేయిస్తాం. అంటే సిగరెట్ మంచిది అని చెప్పడం వాళ్ల ప్లాన్ కాదు. ఇంకా తేలలేదు అని చెప్పడం ప్లాన్. తాగేవాడికి ఆ మాట చాలు, ఇంకో పెట్టె కొనడానికి. ఆ అనుమానాన్ని వాళ్లు దశాబ్దాల పాటు సాగదీశారు. చివరికి 2006లో గ్లాడిస్ కెస్లర్ అనే ఫెడరల్ జడ్జి, ఈ కంపెనీలు ప్రజల్ని మోసం చేశాయని తీర్పు రాసింది.

గ్రాహమ్ మాత్రం ఇంక తేలలేదు అనలేదు. సిగరెట్ మానేశాడు. ఒకప్పుడు తను ఎగతాళి చేసిన ఆక్స్‌నర్ 1954లో పొగ, క్యాన్సర్ గురించి జనం కోసం పుస్తకం రాస్తే దానికి ముందుమాట రాశాడు. ఇదే ఆయన చేసిన పెద్ద పని అని నాకనిపిస్తుంది. ఊపిరితిత్తి తీయడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ ఆ వయసులో, అంత పేరున్నాక, నేను తప్పు అని అచ్చులో ఒప్పుకోవడానికి ఇంకో రకం ధైర్యం కావాలి.

పోల్చడానికి ఒక మనిషిని చెప్తాను. రొనాల్డ్ ఫిషర్. ఆధునిక గణాంకశాస్త్రానికి పునాది వేసినవాడు. మన తెలుగువాడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు. అంత మేధావి. ఆయన పైపు కాల్చేవాడు. 1957 నుంచి, పొగ వల్ల క్యాన్సర్ అన్నది రుజువు కాలేదు, పొగ అలవాటుకీ క్యాన్సర్‌కీ కలిపి ఏదో జన్యువు కారణం కావచ్చు అని వాదించాడు. పొగాకు పరిశ్రమకి సలహాదారుగా కూడా ఉన్నాడు. 1962లో పోయేదాకా ఆ వాదన వదల్లేదు. ఫిషర్, గ్రాహమ్ ఇద్దరూ పొగ అలవాటున్నవాళ్లే, ఇద్దరూ అనుమానించినవాళ్లే. ఒకరు అనుమానాన్ని పరీక్షకి పెట్టారు. ఇంకొకరు దాన్ని దాపరికంగా వాడుకున్నారు.

ఉత్తరం

1957 జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో గ్రాహమ్‌కి ఒంట్లో బాగాలేదు. ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఒక పక్క కాదు, రెండు పక్కలా. ఈ జబ్బుకి ఒకేసారి మొత్తం ఊపిరితిత్తి తీసే ఆపరేషన్‌ని ప్రపంచంలో మొదటిసారి విజయవంతంగా చేసిన మనిషికి ఆపరేషన్ చేసే వీలు లేదు.

ఫిబ్రవరిలో ఆయన ఆక్స్‌నర్‌కి ఉత్తరం రాశాడు. మన స్నేహం పాతది కాబట్టి చెప్తున్నా, నాకు రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యాన్సర్ తేలింది, సిగరెట్ మానేసి కొన్నేళ్లయింది కానీ అప్పటికే అన్నేళ్లు తాగడం వల్ల జరగాల్సిన నష్టం జరిగిపోయింది అని దాని భావం. 1950 వ్యాసంలో తను రాసిన వాక్యానికి తనే ఉదాహరణ అయిపోయాడు. మార్చి 4న పోయాడు. ఇంకో పదిహేను రోజులుంటే 74 నిండేవి.

ఆయన ఊపిరితిత్తి తీసేసిన గిల్మోర్ అప్పటికి బతికే ఉన్నాడు. ఇంకో ఆరేళ్లు బతికాడు కూడా.

వైండర్ న్యూయార్క్‌లో క్యాన్సర్ నివారణ మీదే జీవితమంతా పనిచేసి 1999లో చనిపోయాడు.

మన సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పొగాకు బోర్డు హెడ్డాఫీసు గుంటూరులో ఉంది. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్ వైపు వేలమంది ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నారు. 2008లో ప్రభాత్ ఝా, ఆయన సహచరులు దేశమంతా లక్షల ఇళ్లు సర్వే చేసి, 2010ల్లో మన దేశంలో పొగ వల్ల ఏటా పది లక్షల మంది దాకా చనిపోతారని అంచనా వేశారు. అందులో ఎక్కువమంది ముసలివాళ్లు కాదు, 30 నుంచి 69 ఏళ్ల మధ్య వాళ్లు. ఇంటిని మోసే వయసు.

రైతుని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. మా పెదనాన్నకి ఆ నేలలో, ఆ నీళ్లలో, అంత రేటు వచ్చే పంట ఇంకోటి ఎవరూ చూపించలేదు. నేను తిన్న తిండి అది. కానీ తిన్నాను కాబట్టి నోరు మూసుకోవాలా? గ్రాహమ్ కథ నాకు నేర్పింది ఇదే. నీకు లాభం ఇచ్చిన దాని గురించి, నీకు అలవాటైన దాని గురించి కూడా నిజం చెప్పొచ్చు. చెప్తే ద్రోహం కాదు.

ఇక రెండో మాట. వరండాలో మా చుట్టాలు అన్న మాట గురించి. ఈ పరిశోధనలన్నీ నేరం మోపింది సిగరెట్ మీద, దాన్ని అమ్మిన వాడి అబద్ధం మీద. పేషెంట్ మీద కాదు. కానీ మనం ఆ నిజాన్ని తీసుకుని మంచం మీద ఉన్నవాణ్ణి కొట్టడానికి వాడుకుంటున్నాం. నికోటిన్ ఎంత గట్టిగా పట్టుకుంటుందో అన్నీ తెలిసిన సర్జన్‌నే అడగండి. అదీ కాక, ఈ క్యాన్సర్ వచ్చిన వాళ్లలో జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టనివాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. బయటి గాలి కాలుష్యం కూడా క్యాన్సర్ కారకమే అని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రకటించింది. 2004లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పులు కనుక్కున్నారు. అవి పొగతాగని వాళ్లలో, ఆసియా వాళ్లలో ఎక్కువ కనపడతాయి, వాటికి పనిచేసే మాత్రలు ఉన్నాయి. అందుకే దగ్గు తగ్గకపోతే, దగ్గులో రక్తం పడితే, నేను సిగరెట్ తాగను కదా అని ఇంట్లో కూర్చోకండి. తాగుతాను, తిడతారేమో అని కూడా కూర్చోకండి. మా పెదనాన్న చేసింది అదే. నాలుగు నెలలు దగ్గుని దాచిపెట్టారు. చావు భయం కన్నా మాట పడతానన్న భయమే ఆయనకి ఎక్కువ.

తాగేవాళ్లకి ఒక మంచి మాట. డాల్, హిల్ తర్వాత బ్రిటిష్ డాక్టర్లని యాభై ఏళ్ల పాటు గమనించారు. 2004లో వచ్చిన ఫలితం ఏంటంటే, జీవితమంతా తాగేవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు. కానీ ముప్పై ఏళ్లకే మానేస్తే ఆ పదేళ్లూ దాదాపు మొత్తం వెనక్కి వస్తాయి. యాభైకి మానేసినా ఆరేళ్ల దాకా మిగులుతాయి. ఈ వీడియో చూస్తున్న మీలో ఎక్కువమంది ముప్పై లోపు వాళ్లే. గ్రాహమ్‌కి ఆలస్యమైంది. మీకు కాలేదు.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, చూడ్డానికి వెళ్లినప్పుడు ఎన్ని తాగేవాడు అని అడగకండి. ఏం తింటున్నావు, రాత్రి నిద్ర పట్టిందా, డాక్టర్ దగ్గరికి తోడు రమ్మంటావా అని అడగండి. మా పెదనాన్నని ఆ మాట నేను కూడా అడగలేదు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. వరండాలో ఆ చుట్టాల పక్కనే నిలబడ్డాను, ఏమీ అనకుండా.

ఈ ఎపిసోడ్ ఆయన కోసం. మీ ఇళ్లలో ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్లలో రాయండి, నేను చదువుతాను. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను, నమస్తే.